సాసరు మునిగిన సముద్రం

పొద్దుగాల పాలు పోయనీకి పోతే మా గల్లీల షౌకత్ బీ నానీ దర్వాజ కాడ నిలబడి మొఖం ముందట చెయ్యి ఊపుతున్నది, సాలెగూడు తుడిచినట్టు. ఏంది నానీ అంటే, "పొగ బేటా. మీ దొడ్డిల పిడకలు అంటువెట్టిన్రా ఏంది?" అన్నది. పొగ లేదు. పిడకలు లేవు. లాల్‌దర్వాజా గల్లీ మొత్తం కడిగిన అద్దం లెక్క మెరుస్తున్నది, మా దొడ్డి గోడ మీది కాకి కాళ్ళ గోర్లు గూడ లెక్కపెట్టొచ్చు, అంత సాఫ్‌గ ఉన్నది ఎండ. నేను పాలు పోస్తుంటే ఆమె గిన్నె ధార కిందికి రాలేదు. రెండుసార్లు పక్కకే పోయింది. పాలు గడప మీద పడ్డయి.

"రాత్రి కందీలు దీపం చుట్టు సింగిడి ఉండె బేటా," అన్నది మెల్లగ. "ఎరుపు బయటికి, నీలం లోపటికి, గుండ్రంగ. చెయ్యి పెట్టి పట్టుకుందామని గూడ చూసిన."

లోపట కోటు గుండీలు పెట్టుకుంట రసూల్ భాయ్ నవ్విండు. నానీ కొడుకు ఆయన, పూర పేరు గులాం రసూల్, దబీర్‌పురా స్టేషన్ల పార్సిల్ బాబు. "హా అమ్మీ," అన్నడు, "హరా సమందర్."

ఆయన భార్య సుగ్రా ఆపా గూడ పొయ్యి కాడికెల్లి నవ్వింది. నానీ నవ్వలేదు. గిన్నె పట్టుకొని, ఇంకో చెయ్యి గోడకు ఆనిచ్చి లోపటికి పోయింది.

హరా సమందర్ అంటే పచ్చ సముద్రం. గా మాట ఎట్ల పుట్టిందో మా గల్లీల అందరికి ఎరుకే. ఇది పంతొమ్మిదొందల నలభై ఒకటిల ముచ్చట, నాకు పద్దెనిమిది నడుస్తున్నది. నాకు నాలుగేండ్లున్నప్పుడు నానీ, ఆమె ఇంటాయన దస్తగీర్ సాబ్ హజ్‌కు పోయొచ్చిన్రు. బొంబాయి దాక రైలు, ఆడికెల్లి సముద్రం మీద జహాజు. మా గల్లీల అంతకు ముందు సముద్రం చూసినోళ్ళు ఎవ్వరు లేరు, మాకు హుస్సేన్‌సాగరే సముద్రం. వాళ్ళు వచ్చిన దినం గల్లీ మొత్తం ఆ ఇంట్ల జమైంది. ఖర్జూరాలు పంచిన్రు, తస్బీ దండలు పంచిన్రు, మక్కా జంజం నీళ్ళు తలా ఒక చుక్క పోసిన్రు. ఇగ ఆఖరుకు నానీ, మైనం పెట్టి మూసిన ఒక గాజు సీసా తీసింది. "చూడున్రి," అన్నది, "సముద్రం తెచ్చిన. చిలకపచ్చగ ఉంటది, చిలక రెక్క లెక్క." అని ఎత్తి పట్టింది.

సీసాల ఉత్త నీళ్ళున్నయి.

"గివ్వి మా బాయి నీళ్ళే గద," అని ఎవరో అన్నరంట. అందరు నవ్విన్రు. నానీ సీసాను తిప్పి చూసింది, ఎండకు పెట్టి చూసింది, మళ్ళీ తిప్పి చూసింది. దస్తగీర్ సాబ్ ఒక్కడు "పచ్చగనే ఉండె, నేను చూసిన" అన్నడు గని, భార్య తరఫున మొగడు చెప్తే ఎవరు వింటరు? ఆ మరుసటేడే ఆయన పోయిండు. ఇగ సాక్షి లేడు.

అప్పటికెల్లి ఆ ఇంట్ల నానీ ఏం చెప్పినా గదే జవాబు. కూరల ఉప్పు ఎక్కువైందంటే హరా సమందర్. అటక మీద పిల్లి పిల్లలు పెట్టిందంటే హరా సమందర్. ముద్దుగనే అంటుండె, ఎవ్వరి మనసుల విషం లేదు. గని పద్నాలుగేండ్లు అన్నరు.

ఆ దినం నేను గీ ముచ్చట మోసుకొనే కాలేజీకి పోయిన, ఇంటర్ రెండో సాలు సైన్సు, పాఠాలన్ని ఉర్దూల, నేను ఇంటికొచ్చి తెలుగుల నాకు నేనే మళ్ళ చెప్పుకుంట. మా రామ్‌చందర్ సార్ ముందునాడే నన్ను పాలు తెమ్మన్నడు. ఎందుకంటే చెప్పలేదు. మా బాపు నర్సింహ పాల కారోబార్ చేస్తడని సార్‌కు ఎరుకే, "నీళ్ళు కలపని పాలు తేవోయ్ బాలనర్సింహ, గ్లాసెడు చాలు" అన్నడు. బాపుకు చెప్తే ఆయన కోపానికొచ్చి, "కలపని పాలంట. మన పాలల్ల నీళ్ళు కలుపుతరని చెప్పిందెవరు?" అని గ్లాసెడు అడిగితే చెంబెడు పోసిండు.

సార్ క్లాసుల కిటికీలన్ని మూసేసిండు. ఒక్క కిటికీకి మాత్రం నల్ల కాగితం, దాంట్ల రూపాయంత పొక్క. దాంట్లకెల్లి ఎండ సన్నగ కట్టె లెక్క లోపటికి వచ్చింది, ఆ కట్టెల దుమ్ము తేలుతున్నది, బంగారు నూక లెక్క, అటు ఇటు మెల్లగ, ఎవ్వరు తోలకుండనే. బల్ల మీద పొడుగు గాజు తొట్టి, దాని నిండ శుద్ధి చేసిన నీళ్ళు. ఎండ కట్టె తొట్టి దాక వచ్చింది, తొట్టిల మాయమైంది, అవతల మళ్ళ పుట్టింది. నడుమ ఏం లేదు. ఖాళీ.

"వెలుతురు లోపట లేదా?" అన్నడు సార్.

ఉన్నది సార్, కనపడ్తలేదు, అన్నరు ఎవరో.

"ఎందుకు కనపడ్తలేదు? ఎందుకంటే దానికి తాకేది ఏం లేదు. తాకితేనే పక్కకు చెదురుతది. చెదిరితేనే మన కంటికి వస్తది." అని మా ఇంటి పాలు ఒక్క చుక్క, ఒక్కటే చుక్క, నీళ్ళల్ల వేసిండు. పొగ లెక్క దిగింది అది, మెలికలు తిరిగింది, కరిగింది. ఇంక రెండు చుక్కలు. అప్పుడు, అయ్యో ఎట్ల చెప్పాలె, తొట్టిల వెలుతురు లేచి కూసున్నది. పక్కకెల్లి చూస్తే లేత నీలం, పొద్దుగాల చలికాలం ఆకాశం లెక్క. చివరకెల్లి చూస్తే నారింజ, పొద్దుగూకే సూర్యుడు లెక్క. ఒక్క తొట్టిల పొద్దు పొడిచింది, పొద్దు గూకింది, మా బర్రె పాలు మూడు చుక్కలు పడితే.

నేను లేచి నిలబడ్డ. ఎందుకు నిలబడ్డనో తెల్వదు. "సార్, మా బాపుకు గిది ఎరుకే," అన్న. పోరగాండ్లు నవ్విన్రు. నేను ఆగలే. ఎవరన్న తెచ్చిన పాలను పరీక్ష చెయ్యాలంటే మా బాపు ఒక చుక్క బొటనవేలు గోరు మీద వేసి ఎండకు పెడ్తడు, చుక్క అంచు నీలంగ కనపడితే "నీళ్ళు తాగినయి గివ్వి" అంటడు. పాలు తెలుపు. నీళ్ళకు రంగు లేదు. మరి గా నీలం యాడికెల్లి వచ్చిందని చిన్నప్పటి సంది నాకు పరేషానే.

సార్ నవ్వలేదు. "మీ బాపును ఒకసారి క్లాసుకు తీసుకరా," అన్నడు.

అప్పుడు అడిగిన నేను, సముద్రం సంగతి. సముద్రం పచ్చగ ఉంటదా సార్, ఉంటే సీసాల ఎందుకు ఉండదు అని. సార్ చాక్‌పీసు కింద పెట్టి కూసున్నడు, ఆయన కూసున్నడంటే పాఠం అయిపోయి ముచ్చట మొదలైందన్నట్టు. లోతైన సముద్రానికి ఉత్త నీళ్ళ రంగే నీలం అన్నడు, చానా లోతు ఉంటేనే తెలుస్తది. కొన్ని తావుల ఆ నీళ్ళల్ల నాచు పెరుగుతది, మన తొట్టి గోడలకు పట్టే నాచు కాదు, ఒక్కొక్కటి ఒక్కటే బుడ్డ, సూది మొన మీద వందల్ల పడ్తయి, కంటికి ఆనవు. వాటితోటి సన్నపు మట్టి, చచ్చిన పురుగుల పొట్టు, ఇంక ఏమేమో. ఎండ లోపటికి దిగుతది, ఈ బుడ్డలకు తాకుతది, నీలాన్ని ఎరుపును అవి తినేస్తయి, మిగిలిన పచ్చ అటు ఇటు చెదిరి మీదికి తిరిగొస్తది. గదే మనకు కనపడే సముద్రం. "సీసాల ఎట్ల కనపడతది? పొగమంచును చెంబుల పట్టుకొచ్చి ఇంట్ల చూడు, ఏం కనపడతది?"

నా కాళ్ళు నేల మీద లేవు. ఇగ ఆగకుండ ఇంకోటి గూడ అడిగిన, మా నానీకి కందీలు చుట్టు సింగిడి కనపడ్తుందంట సార్, పగటిపూట పొగ కనపడ్తుందంట, గది గూడ గిదేనా అని. నవ్వుకుంట అడిగిన. సార్ మొఖం మారింది.

"ఎవరికి? ఎన్ని దినాల సంది?"

చెప్పిన.

"కంటిల గూడ ఒక అద్దం ఉంటది. అది మసకబారితే లోపటికి పోయే వెలుతురు గిట్లనే చెదురుతది. మోతియాబింద్ అంటరు. అది నెమ్మదిగ వస్తది, ఆపరేషన్ చేస్తరు. గని సింగిడి అంటున్నవు చూడు, ఒక్కోసారి కంటి లోపట ఒత్తిడి పెరిగినా సింగిడి వస్తది. అదైతే నెలలు ఆగదు, దినాల లెక్క. ఏదో తేల్చేది నేను కాదు, డాక్టరు. తొందరగ తీసుకపోమ్మను."

కాలేజీ ఇడిచిన్రో లేదో నేను సీదా దబీర్‌పురా స్టేషన్‌కు ఉరికిన. రసూల్ భాయ్ కాంట కాడ తమలపాకుల గంప తూకం వేస్తున్నడు, గంపాయన తొమ్మిది సేర్లు అంటున్నడు, ముల్లు పదకొండు చూపెడ్తున్నది. "నీ నోరు తొమ్మిది అంటది, నా కాంట పదకొండు అంటది," అన్నడు భాయ్, "రైలు ఎవరి మాట వింటది మియా?" చిట్టీ రాసి ఇచ్చినంక నా దిక్కు చూసిండు. నేను ఉరికొచ్చిన దమ్ము మీదనే మొత్తం చెప్పిన, పాలు, తొట్టి, నాచు, కన్ను, దినాల లెక్క.

ఆయన విన్నడు. చెడ్డోడు కాదు. "బాలా, పోయినేడు అమ్మీ గుండె పట్టుకున్నదంటే రెండు దినాలు రుఖ్సత్ పెట్టి దవాఖానకు తీసుకపోయిన. డాక్టరు ఏమన్నడు? కడుపుల గాలి, ఉపాసం ఉండొద్దన్నడు. అంతకు ముందు కాళ్ళు పడిపోయినయన్నది, మూడో దినం పీర్ల ఊరేగింపు చూడనీకి పోయింది. ఇప్పుడు సింగిడి. పచ్చ సముద్రం చూసిన కండ్లు గద, ఏమన్న చూస్తయి."

"సముద్రం పచ్చగనే ఉంటది భాయ్."

"సీసా నా చేతులతోటి పట్టుకొని చూసిన నేను."

"ఆ సీసాల్నే చూపెడ్త."

కాంట ముల్లును ఏలుతోటి ఆపి నవ్విండు. "సరే, శుక్రవారం జుమ్మా నాడు నాకు సెలవు. చూపియ్యి. నా కండ్లకు ఆనితే శనివారం పొద్దుగాల్నే టాంగా పిలుస్త, ఒట్టు. ఆనకపోతే గీ సైన్సు లొల్లి మా అమ్మీ తాన మళ్ళ ఎత్తొద్దు."

నానీని నేనే తీసుకపోదును. బాపు గూడ తీసుకపోయేటోడు. గని ఆమె రాదు. ఆ మాపు అడిగితే, "కొడుకు నమ్మని కండ్లను డాక్టరు నమ్ముతడా బేటా?" అన్నది. మళ్ళ ఏమనుకున్నదో, "మంచిగనే ఉంటది తెలుసా, అంత తెల్లగ. జహాజు మీద దస్తగీర్ సాబ్ చుట్టు తిరిగిన పొగ లెక్క," అన్నది.

జుమ్మా నాడు పొద్దు బాగ ఎక్కినంక నేను రేకు డబ్బా మూతకు పొక్క పెట్టి నానీ అర్ర కిటికీకి కట్టిన. "అది నా శెనగపిండి డబ్బా మూత," అన్నది సుగ్రా ఆపా, "పిండిల పురుగు పడితే నువ్వే జల్లించాలె." దర్వాజ మూసిన. ఎండ కట్టె లోపటికి వచ్చింది, దుమ్ము తేలింది. సీసాను బల్ల మీద, ఎండకు ఎదురుగ పెట్టిన. మైనం పగుల్లిచ్చింది గని మూత కదల్లేదు, పద్నాలుగేండ్ల సముద్రం దాంట్లనే ఉన్నది. ఇప్పుడు లేస్తది, ఇప్పుడు పచ్చగ లేస్తది వెలుతురు, అనుకుంటున్న.

లేవలే.

వెలుతురు ఈ దిక్కున సీసాల మునిగింది, ఆ దిక్కున బయటికొచ్చింది. నడుమ చీకటి. శుద్ధి నీళ్ళ తొట్టి ఎట్లనో అట్ల. నేను సీసా తిప్పిన, పక్కకు జరిపిన, మోకాళ్ళ మీద కూసోని చూసిన. ఏం లేదు.

"పోనీ తియ్యి బాలా," అన్నడు రసూల్ భాయ్. ఎక్కిరిచ్చి గూడ అనలే, మెల్లగ అన్నడు. దాంతోటి ఇంక చానా బాధైంది.

గోడకు ఆనుకొని కూసున్న నానీ, "చాలు బేటా," అన్నది.

నేను ఓడిపోయిన మొఖం దాచుకోనీకి తాగుదామని కుండల కెల్లి గ్లాసు ముంచుకున్న, ఆ కుండ నీళ్ళు మా దొడ్డి బాయివే. తాగబోయి ఆగిన. ఊరికెనే, చేతులకు పని లేక, గ్లాసును ఎండ కట్టెల పెట్టిన. గ్లాసుల సన్నగ, మసకగ, ఒక గీత లేచింది. నేను గ్లాసు దిక్కు చూసిన, సీసా దిక్కు చూసిన. సముద్రం మా బాయి కన్నా సాఫ్‌గ ఉంటదా? జహాజులు తిరిగే, చేపలు ఏరిగే సముద్రం? ఎట్లుంటది?

"నానీ, గీ సీసా ఎట్ల నింపినవ్? మొత్తం చెప్పు. ఏం ఇడవకు."

"ఎట్ల నింపుతరు? జహాజు ఖలాసీ తాడు కట్టి బాల్టి ఇడిచిండు, తీసి ఇచ్చిండు. బాల్టిల గూడ జర పచ్చ ఛాయ ఉండె. వడగట్టి సీసాల పోసిన."

నేను గ్లాసు కింద పెట్టిన.

"వడగట్టినవా?"

"మరి? వడగట్టకుండ నీళ్ళు దాస్తరా ఎవరన్న?" అన్నది నానీ, నేనేదో బుద్ధి లేని మాట అడిగినట్టు. సుగ్రా ఆపా గూడ, "నారు పురుగు కడుపులకు పోతది," అన్నది. నిజమే. మా గల్లీల బట్ట వెయ్యకుండ కుండ నింపిన ఆడామె లేదు, మా అమ్మయితే వాన నీళ్ళు గూడ వడగడ్తది. "నాలుగు మడతలు పెట్టి వడగట్టిన. ఇంక సాఫ్ గాలేదని మూటల చిల్లగింజ ఉండె, బాల్టి అడుగున అరగదీసిన." చిల్లగింజ అంటే గోలిగుండంత ఉంటది, తడి రాయి మీదనో కుండ లోపటనో అరగదీసి కలిపితే మురికంత బట్టలు ఇప్పినట్టు అడుగుకు దిగుతది, ప్రయాణం పోయే ఆడోళ్ళ మూటల అది లేకుండ ఉండదు. "తెల్లారి పై తేట సీసాలకు వంపిన. ఎంత మంచిగ తేరిందో."

పచ్చను వడగట్టి, మిగిలిన పచ్చను చిల్లగింజతోటి అడుగుకు దింపి, ఉత్త నీళ్ళను పద్నాలుగేండ్లు మైనం పెట్టి దాసింది.

"నానీ, దేంతోటి వడగట్టినవ్?"

ఆమె కొంగు ఏళ్ళకు చుట్టుకుంటున్నది.

"అమ్మీ," అన్నడు రసూల్ భాయ్.

"ఓఢ్నీ," అన్నది ఆఖరుకు. "జంజంల ముంచిన ఓఢ్నీ. నా ఆఖరి దినం నా మీద కప్పాలని తెచ్చుకున్నది. మిగిలిన బట్టలన్ని మాసినయి, అదొక్కటే సాఫ్‌గ ఉండె. హాజీలను మోసిన నీళ్ళు గద, ఏమైతదిలే అనుకున్న. మరక పడ్డది. సబ్బు పెట్టి ఉతికిన, పోలే. పాక్ గుడ్డను నా చేతులతోటి నేనే ఖరాబు చేసుకున్న." అని మొఖం గోడకు తిప్పుకున్నది. "గందుకే ఎవ్వరికి చూపియ్యలే."

సందూకు తీసింది రసూల్ భాయే. కర్పూరం వాసన అర్ర నిండ లేచింది. అన్నింటికన్న అడుగున, కాగితంల చుట్టి, తెల్ల మల్లు ఓఢ్నీ. మడత ఇప్పుకుంట పోయిండు, ఒకటి, రెండు, మూడు. నడుమ, అరచెయ్యంత తావుల, మరక ఉన్నది. పచ్చగ లేదు. పాత మైదాకు లెక్క, ఎండి పుస్తకంల దాసిన ఆకు లెక్క, అంచు మీద మాత్రం ఇంక ఏదో జర పచ్చ ఉన్నదా లేదా అన్నట్టు. ఒక మడత మీద ముదురు, దాని కింది దాని మీద లేత, నాలుగో దాని మీద ఊపిరి అంత.

భాయ్ దాని మీద ఏలు పెట్టిండు. చానాసేపు తియ్యలే.

"మరక ఉన్నది," అన్నడు, తనతోటి తనే బేరం ఆడినట్టు. "సరే, నీళ్ళల్ల ఏదో ఉండె. గని అంత సముద్రం, చిలకపచ్చగ? బాల్టి ఛాయ వేరు."

అప్పుడు నానీ గోడకు తిరిగే ఉండి చెప్పింది. ఎవ్వరికోసం చెప్పలే అది.

"సాసరు పడ్డది. మీ అబ్బా కటకటాల కాడ నిలబడి చాయ్ సాసర్ల పోసుకొని తాగుతుండె. జహాజు ఊగింది, సాసరు జారింది. తెల్ల చీనీ సాసరు. నీళ్ళు నిమ్మళంగ ఉండె ఆ దినం, మిట్ట మధ్యాహ్నం. సాసరు తేలిపోతున్న ఆకు లెక్క అటు ఇటు ఊగుకుంట దిగింది. ముందుగాల తెల్లగ ఉండె. తర్వాత పిస్తా రంగైంది. తర్వాత చిలకపచ్చ. ఇంక దిగింది, ఇంక పచ్చగైంది, చిన్నగైంది, ఇగ పచ్చల్నే కలిసిపోయింది. మీ అబ్బా సాసరు పోయిందని నవ్వుతుండె. నేను చూస్తనే ఉన్న. తెల్ల సాసరు గద రసూల్. దానికి రంగు నేను వెయ్యలే గద."

నేను ఆ మాట అయిపోకముందే వంటింట్ల ఉన్న. సుగ్రా ఆపా చీనీ సాసరు తీసుకున్న, సుతిలి తాడు తీసుకున్న, "అది జోడు సాసరు, పగిలితే కప్పు రండముండైతది," అని ఆపా ఎనకకెల్లి అంటనే ఉన్నది. సాసరును ఉట్టి కట్టినట్టు తాడుతోటి కట్టి మా దొడ్డికి ఉరికిన, భాయ్ నా ఎనక.

మా బాయి చానా వెడల్పు, ఎండకాలం పోయి వానలు పడ్డంక మీది దాక నీళ్ళుంటయి, నడిమి పొద్దు సూర్యుడు సీదా దాంట్లకే దిగుతడు. బాపు బర్రెలను కడుగుతున్నడు. "బాయిల సాసరు ఎందుకు రా? చాయ్ తాగుతదా బాయి?" అన్నడు. నేను ముందుగాల గ్లాసు ముంచి భాయ్ చేతికిచ్చిన. "రంగు ఉన్నదా?" లేదన్నడు. రోజు తాగే నీళ్ళే. సాసరు తాడు ఆయన చేతుల పెట్టిన. "మూర మూర ఇడువు భాయ్. నేను ఏం చెప్ప, నువ్వే చూడు."

ఆయన బాయి ఒర మీద వంగిండు. సాసరు నీళ్ళకు తాకింది, తెల్లగ, జాబిలి ముక్క లెక్క. ఒక మూర ఇడిచిండు. రెండు మూరలు. "పిస్తా," అన్నడు, అనలే, పెదవులు కదిలినయి. మూడు. నాలుగు. సాసరు పచ్చగైంది, నిజంగ పచ్చగైంది, దాని చుట్టున్న నీళ్ళు గూడ అప్పుడే పచ్చగైనట్టు, అంతకు ముందు అక్కడ రంగు లేనట్టు. జుమ్మా అజాన్ మొదలైంది. భాయ్ కదల్లే. ఐదు మూరలు, ఆరు మూరలు. సాసరు ఇంక కండ్లకు ఆనుతుందో, ఆనుతుందని మనమే అనుకుంటున్నమో తెల్వకుండైంది. ఇగ లేదు. పచ్చ ఒక్కటే ఉన్నది, ఎండ దాంట్ల ఒంగి తిరుగుతున్నది, నిద్రల ఎవరో తిరిగినట్టు.

పైకి గుంజిండు. తెల్ల సాసరు వచ్చింది. ఏలు పెట్టి తుడిచి చూసిండు. మళ్ళ ఇడిచిండు. మళ్ళ గుంజిండు. నాలుగుసార్లు. కాంట మనిషి గద, ముల్లు ఒక్కసారి చూపెడితే నమ్మడు.

ఆఖరిసారి తాడు చేతికి చుట్టుకొని ఒర మీద కూసున్నడు. బర్రె ఒకటి ఆయన కోటు చెయ్యి నాకింది, ఆయనకు తెల్వలే.

"అబ్బాను నేను ఒక్కసారన్న అడగలే," అన్నడు. "ఆయన సాక్షి చెప్తుంటే నవ్విన." తర్వాత లేచిండు, నమాజుకు పోయిండు. పోయేముందట బాపుతోటి, "నర్సింహ అన్నా, రేపు పొద్దుగాల పాలు జర జల్ది పంపియ్యి, దవాఖానకు పోయేదుంది," అన్నడు.

ముందుగాల్నే చెప్తున్న, తర్వాత డాక్టరు రెండు కండ్లకు దీపం పెట్టి చూసి, ఎడమ కన్ను ఆలస్యమైంది, లోపట ఒత్తిడితోటి చానా మటుకు పోయింది, కుడి కన్నుకు గూడ అదే మొదలైంది గని ఇంక ఆపొచ్చు, ఇంకో వారం ఆగితే ఇదీ పోయేది అన్నడు. కుడి కన్ను దక్కింది. ఇప్పుడు ఆమె మందపు అద్దాలు పెట్టుకొని మా పాలల్ల నీళ్ళు చూస్తది, బాపుకు కోపమొస్తది. గని నాకు గుర్తున్నది శనివారం పొద్దు, టాంగా.

ముందట టాంగావాలా పక్కన నేను, ఎనక నానీ, రసూల్ భాయ్. మంచు ఏం లేదు గని నానీకి ఉన్నది, బుర్ఖా లోపటికెల్లి మొఖం చుట్టు చెయ్యి ఊపుతున్నది. నయాపూల్ మీదికి వచ్చినం. కింద మూసీ, వానకు ఎర్రగ పారుతున్నది. భాయ్ ఆ దిక్కు చూసి, "అమ్మీ," అన్నడు, "సాసరు మునిగినంక ఏమైంది?"

గుర్రం డెక్కలు పూల్ మీద కొట్టుకుంటున్నయి. నానీ మెల్లగ మొదలుపెట్టింది, బొంబాయి ఒడ్డు కాడ నీళ్ళు చాయ్ రంగు ఉండె, ఒక దినం పోయినంక పచ్చ, ఇంక పోతె కలంల పోసే స్యాహీ లెక్క నీలం, అంత నీలం అంటే చెయ్యి పెడితే అంటుతదేమోనని అనిపిచ్చేది. భాయ్ నడుమ నడుమ అడుగుతున్నడు, ఎన్నో దినం, ఎండ ఎటు దిక్కు ఉండె, ఖలాసీలు ఏమన్నరు. చిట్టీ రాసుకునేటోడి లెక్క, ఒక్కటి ఇడవకుండ.

టాంగావాలా ఎనకకు తిరిగిండు. "పచ్చగుంటదా అమ్మా సముద్రం? నిజంగ?"

నానీ నోరు తెరిచింది, మళ్ళ మూసుకున్నది, అలవాటు. జవాబు రసూల్ భాయ్ చెప్పిండు, పార్సిల్ తూకం చెప్పినంత సాదాగ.

"చిలకపచ్చ. నువ్వు ముందట చూసి తోలు మియా."